సాంచాల ఊళ్లో పెయ్యి సంగతి

అక్కకు పదహారేళ్లప్పుడు ఎవరో బొంబాయి నుంచి తెచ్చిన తెలుగు వారపత్రికలో ఒక వ్యాసం దొరికింది. చర్మం నాలుగు రకాలట: పొడి, జిడ్డు, మామూలు, మిశ్రమం. పొద్దున లేవగానే మొహం కడుక్కోకుండా టిష్యూ కాగితం నుదుటికీ ముక్కుకూ చెంపలకూ అద్దుకుని చూస్తే మనది ఏ రకమో తెలుస్తుందట. టిష్యూ కాగితం మేమెన్నడూ చూసింది లేదు. అయితేనేం, మేముండే సాంచాల (మరమగ్గాల) ఊరు భివండిలో బట్టకు కొదవా? బాపు తెచ్చిన కోరా ముక్క అద్దుకుంది. ఏమీ అంటలేదు. తమ్ముడి ముక్కు మీద నూనె మెరుస్తుండేది, వాడికి అద్దినా ఏమీ అంటలేదు. బాపు ఒకటే నవ్వు.

"గంజి పట్టిన బట్ట నీళ్లే తాగదు, నీ జిడ్డేం తాగుతది బిడ్డా? ఉడకబెట్టుపో."

సైజింగ్‌లో పడుగుకు పట్టించిన గంజి పోతే గానీ కోరా గుడ్డ తడి పీల్చదు. అక్క దాన్ని సోడా వేసి ఉడకబెట్టి, దండెం మీద ఆరేసి, మర్నాడు మళ్లీ వరసగా అందరి మొహాలూ పరీక్షించింది. తమ్ముడిది జిడ్డు, అవ్వది (మా అమ్మది) పొడి, తనది మిశ్రమం, నాది మామూలు అని తేల్చింది. బాపు దగ్గరికొచ్చేసరికి పరీక్ష చెడిపోయింది. గుడ్డకు అంటింది ఆయన జిడ్డో సాంచా నూనో ఎవరూ చెప్పలేకపోయారు.

మాది సిరిసిల్ల వైపు. చేతిమగ్గం కూడు పెట్టని రోజుల్లో కరీంనగర్, నల్లగొండ, వరంగల్ జిల్లాల నుంచి పద్మశాలీలు షోలాపూర్, సూరత్, బొంబాయి వెళ్లినట్టే భివండికీ వెళ్లారు. పద్మానగర్‌లో తెలుగు తప్ప మరో మాట వినబడని గల్లీలుండేవి. బతుకమ్మ ఆడి వచ్చిన ఆడవాళ్లు పసుపు గౌరమ్మను విరిచి చెంపలకు రాసుకునేవారు. సాంచాల మీద పని పన్నెండు గంటల పాళీ. అవ్వ ఇంట్లో కండెలు చుట్టేది. పత్రా (రేకు) కప్పున్న ఒకే ఒక అర్ర మాది.

పత్రికలు చెప్పే ఆ రకాల సంగతికొస్తే, పొడి, జిడ్డు, మామూలు అన్న లెక్కను ఇరవయ్యో శతాబ్దం మొదట్లో హెలెనా రూబిన్‌స్టీన్ అనే క్రీముల వ్యాపారి బాగా ప్రచారంలోకి తెచ్చింది. ఒక క్రీము అమ్మే చోట మూడు అమ్మొచ్చు కదా! లెక్క తప్పని అనను. చర్మంలోని నూనె గ్రంథులు కొందరిలో ఎక్కువ పని చేస్తాయి, కొందరిలో తక్కువ. యవ్వనం వచ్చేటప్పుడు హార్మోన్లు వాటిని తట్టి లేపుతాయి కాబట్టే తమ్ముడి ముక్కు అలా మెరిసేది. కానీ ఆ వ్యాసంలో ఒక్క సంగతి లేదు: ఆ చర్మం గలవాడు ఏం పని చేస్తాడు, ఎక్కడ పడుకుంటాడు, ఏ నీళ్లు పోసుకుంటాడు? అవ్వకు చదువు రాదు గానీ ముందు అదే అడిగేది.

బాపు సంగతే తీసుకోండి. కార్ఖానాలో కిటికీలు మూసే ఉంచేవారు, గాలి తేమగా ఉంటేనే పోగు తెగదని. ఫ్యాను వేస్తే దూది నుసి లేస్తుంది కాబట్టి అదీ లేదు. లుంగీ, బనియను, ఒళ్లంతా చెమట, దాని మీద నుసి, నుసి మీద సాంచా నూనె. ముంజేతుల మీదా తొడల మీదా నల్లటి తలలున్న చిన్న చిన్న పొక్కులు లేచేవి. అవి వయసు మొటిమలు కావు, వేడి పొక్కులూ కావు. యంత్రం నూనె వెంట్రుక కుదుళ్లలో చేరి వాటిని మూసేస్తే వచ్చేవి. సాంచాల మీద పని చేసేవాళ్లు చేతులు కడుక్కునే పద్ధతి ఒకటే, కిరసనాయిలు. ఆపైన బట్టల సబ్బు. కిరసనాయిలు మురికితో పాటు చర్మానికి కావలసిన నూనెను కూడా ఊడ్చుకుపోతుంది. అరచేతులు ఎండి గీతల వెంట పగిలేవి. కుదుళ్లలో నూనె ఎక్కువ, అరచేతుల్లో అసలు లేదు: ఒకే మనిషి ఒంటి మీద రెండు రకాల చర్మాలు! అక్క పత్రికలోని మిశ్రమ చర్మం ఇది కానే కాదు.

అవ్వ కిరసనాయిలు మాన్పించింది. దాని బదులు పల్లినూనె నాలుగు చుక్కలు చేతులకు రుద్ది, శనగపిండితో తోమి కడగమనేది. నూనెను నూనే కరిగిస్తుంది, పిండి దాన్ని పీల్చుకుంటుంది. "నూనె పోయేటందుకు మళ్ల నూనెనా?" అని బాపు మొదట ఎగతాళి చేశాడు గానీ, తర్వాత కార్ఖానాకే ఒక చిన్న సీసా తీసుకెళ్లడం మొదలుపెట్టాడు.

సంక్రాంతికి ఊరికి పోతే లెక్క మొత్తం తిరగబడేది. అవ్వ పిక్కలు ఎండిన చెరువు అడుగులా నెర్రెలిచ్చేవి. "పెయ్యంత గుంజుతంది" (పెయ్యి అంటే మా వైపు ఒళ్లు) అంటూ స్నానం కాగానే ఒళ్లు ఇంకా తడిగా ఉండగానే కొబ్బరినూనె రాసుకునేది. ఇప్పుడు చర్మవైద్యులు చెప్పేదీ అదే, తడి ఆరకముందే రాయాలని. ఊరి బోరునీళ్లలో సున్నం ఎక్కువ, సబ్బు నురగ రాదు సరికదా తెట్టుగా ఒంటికి అంటుకుని ఇంకా ఎండగొడుతుంది. అక్కడ సబ్బు మాకు చంకలకూ పాదాలకే. మిగతా ఒళ్లంతా పెసరపిండి. అదే తమ్ముడు ఊరి చలిలో నాలుగు రోజులుంటే మొహం తేటపడేది. చర్మం రకం పుట్టుకతో వచ్చి చచ్చేదాకా ఉండేదేమీ కాదు, రైలెక్కి దిగితే మారిపోతుందని నాకు అప్పుడే అర్థమైంది.

ఎండాకాలమైతే అందరిదీ ఒకటే రకం. 1984 మే నెలలో భివండిలో అల్లర్లు జరిగి కర్ఫ్యూ పెట్టినప్పుడు, ఆ పత్రా కింద తలుపు వేసుకుని కూర్చున్న రోజులు పెద్దల భయం వల్ల కంటే చెమటకాయల వల్ల నాకు ఎక్కువ గుర్తు. పిల్లలకు భయం కంటే దురద దగ్గరిది. చెమట నాళాలు మూసుకుపోతే చెమట బయటికి రాక చర్మంలోనే చిక్కుకుని పొక్కుతుంది. దాని మీద పొడి దట్టించినా నూనె రాసినా ఇంకా మూసుకుంటుంది. అవ్వ మా వీపుల మీద తడిపి పిండిన పాత పంచె ముక్క కప్పి అట్టముక్కతో విసిరేది, అంతే. నేటికీ దానికి ముఖ్యమైన వైద్యం ఒళ్లు చల్లబరచడమే.

సాంచాలు ఆగిన రోజున వజ్రేశ్వరి పోయేవాళ్లం. భివండి తాలూకాలోనే, తాన్సా నది ఒడ్డున. 1739లో వసై కోట గెలిచిన చిమాజీ అప్పా మొక్కు తీర్చుకోవడానికి కట్టించిన గుడి అది. దాని చుట్టుపక్కల, అక్లోలీలో, ఒకప్పుడు నిత్యానంద స్వామి ఉన్న గణేశ్‌పురిలో వేడినీటి కుండాలు. గంధకం వాసన. ఒంటి రోగాలన్నీ పోతాయని ఎక్కడెక్కడి నుంచో జనం వచ్చి మునుగుతారు. మేమూ మునిగాం. వారం తిరిగేసరికి తమ్ముడి మొటిమలు కాస్త వాడాయి. అవ్వ మాత్రం ఆ రాత్రంతా కాళ్లు గోక్కుంటూ కూర్చుంది. గంధకం జిడ్డునూ మూసుకున్న కుదుళ్లనూ విడగొడుతుంది, మొటిమల మందుల్లోనూ గజ్జి మలాముల్లోనూ దాన్ని ఎప్పటినుంచో వాడుతున్నారు. పొడి చర్మానికి అదీ, ఆ వేడీ రెండూ పగే. ఒకే కుండం, ఒకే నీళ్లు, ఒకరికి మందు, ఒకరికి మంట. దేవుడి మహిమ అయితే ఇద్దరికీ ఒకేలా పనిచేయాలి కదా అని అక్క అంటే అవ్వకు కోపమొచ్చింది. "దేవునికేం తెల్వదా? నేనే ఎక్కువసేపు కూసున్న" అంది. మరుసటిసారి గట్టు మీద కూర్చుని పాదాలు మాత్రమే ముంచింది.

వానాకాలంలో మాత్రం అవ్వ దగ్గర కూడా మందు లేదు. కొంకణ్ వాన జూన్‌లో పట్టుకుంటే సెప్టెంబరు దాకా వదలదు. ఉతికిన బనియన్లు ఆరవు, తడివే తొడుక్కుని పాళీకి పోవాలి. ఒకే అర్రలో ఒక పాళీ వాళ్లు లేవగానే ఇంకో పాళీ వాళ్లు అదే చాప మీద పడుకునేవారు. తొడల సందుల్లో, నడుము చుట్టూ తామర. మా చాల్‌లో, అంటే వరస అర్రల ఇంట్లో, ఒక కుర్రాడు దానికి మెడికల్ షాపులో ఒక ట్యూబు కొని రాసుకునేవాడు. రెండు రోజుల్లో దురద పోయేది, చంద్రవంకలాంటి మచ్చ మాసేది. మానగానే అంతకు రెండింతలై తిరిగొచ్చేది. అదే ట్యూబును తెల్లబడతానని మొహానికీ రాశాడు. కొన్నాళ్లకు మొహం ఎర్రగా పలచబడి, ఎండలోకి వెళ్తే మండేది. ఆ ట్యూబులో ఉన్నది స్టెరాయిడ్. అది మంటను అణుస్తుంది గానీ బూజును చంపదు, పైగా దాన్ని అడ్డుకునే ఒంటి శక్తిని పడుకోబెడుతుంది.

ఇది పాత కథ అయిపోలేదు. పాత మందులకు లొంగని తామర దేశమంతా పాకింది, దాన్ని తెచ్చే బూజుకు 2020లో శాస్త్రవేత్తలు పెట్టిన పేరులో మన దేశం పేరే ఉంది: ట్రైకోఫైటాన్ ఇండోటినియే. అది ఇంతగా పెరగడానికి ఇలాంటి స్టెరాయిడ్ కలిసిన ట్యూబులూ ఒక కారణమని చర్మవైద్యులు మొత్తుకుంటున్నారు. జిడ్డు మొహానికి శనగపిండి, పొడి ఒంటికి కొబ్బరినూనె మీ ఇష్టం, ఎవరికి పడింది వారు రాసుకోండి. ట్యూబు మీద మాత్రం బీటామెథాసోన్ అనో క్లోబెటాసోల్ అనో కనబడితే, డాక్టరు రాసివ్వకుండా తామరకూ పూయకండి, మొహానికీ పూయకండి.