పాటలపెట్టెలో ఎవరికి చోటు?

సంగీతమును వెంట గొనిపోవలెనను కోరిక క్రొత్తది కాదు. మా తాతగారి కాలమున చేతిపెట్టెవంటి గ్రామఫోనును ప్రయాణములకు గూడ తీసికొనిపోవువారుండిరి. పది యంగుళముల రికార్డు ఒక్కొక్క ప్రక్క సుమారు మూడు నిమిషములు పాడును. గంటసేపు వినగోరువారు పది రికార్డులు మోయవలెను. అవి లక్కతో చేసినవగుటచే చేయి జారినచో ముక్కలే. 1979లో జపానునుండి వాక్‌మన్ వచ్చినది. 2001లో వెలువడిన ఐపాడ్ 5 గిగాబైట్లలో వేయి పాటలు పట్టునని చాటినది. అయినను చోటు చాలదనుమాట మాత్రము పోలేదు. బీరువా ఎంత పెద్దదైనను చీరలకు చాలదనుట సోదరీమణు లెరుగనిది కాదు గదా!

2013లో మా మామగారు కాశీయాత్రకు బయలుదేరిరి. వారికి చూపు మందగించినందున చేతిఫోనులో పాట వెదకుకొనలేరు. అందుచేత మా ఆడపడుచు పెద్ద మీటలుగల చిన్న పాటలపెట్టెను బహుమానముగా బంపినది. అందులో చోటు 4 గిగాబైట్లే. వేరొక కార్డు చేర్చుటకు వీలులేదు.

ఘంటసాలవారి భగవద్గీత, సుబ్బులక్ష్మిగారి సుప్రభాతము, బాలమురళిగారి రామదాసు కీర్తనలు, పాత సినిమా పాటలు, అన్నియు గలిసి ఆరువందల పాటలైనవి. పాట యొకటికి 5 మెగాబైట్ల చొప్పున 3000 మెగాబైట్లు వానికే సరిపోయెను. ఇక మిగిలినవి మా అత్తగారి కాసెట్టులు. ఆమె 2009లో గతించిరి. గంటసేపు పాడు కాసెట్టులు నాలుగింటిలో నలుగుపాటలు, లాలిపాటలు, మంగళహారతులు నింపి పోయిరి. నడుమ నడుమ దగ్గును, కుక్కరు కూతయు వినబడును.

మా అబ్బాయి పార్కులేనులోని చినాయ్ ట్రేడ్ సెంటరునుండి తీగ తెచ్చి, పాత టేపురికార్డరును కంప్యూటరునకు తగిల్చి వానిని దింపెను. ధ్వని యేమియు తరుగరాదని నిమిషమునకు 10 మెగాబైట్ల చొప్పున నుంచెను. లెక్కజూడగా 2400 మెగాబైట్లు! నాయనమ్మ పాటలే సగమునకు మించి మ్రింగుచున్నవి, రెండు కాసెట్టులు విడుతుమా యని యడిగెను.

మేమందుల కొప్పుకొనలేదు. సినిమా పాట ఏ యంగడిలోనైన దొరకును. ఈ గొంతుక మరి యెచ్చట దొరకును? అదిగాక, అత్తగారు పాడినది ఒక్క మైకు ముందు. కుడిచెవికి ఎడమచెవికి వేర్వేరుగా దాచుట వృథా. ఒకే ధారగా జేసి, చెవికి పట్టుపడని సూక్ష్మధ్వనులను విడిచి, సెకండునకు 64 కిలోబిట్ల చొప్పున కుదించినచో నిమిషమునకు అర మెగాబైటుకూడ పట్టదు. వీణ, మృదంగము గల కచేరీలకు మేమింత కుదింపు మెచ్చము. అందులకు 128 అయినను వలయును. మాటలు పలుకుచు పాడు ఒంటి గొంతుకకు, అందును రైలుచప్పుడులో వినుటకు, ఇది చాలును. కుదింపని ప్రతిని ఇంట వేరుగా భద్రపరచితిమి, కాసెట్టులను పారవేయలేదు.

నాలుగు గంటల పాట 115 మెగాబైట్లలో నిమిడినది. ఒక్క హారతియైనను తీయలేదు, కుక్కరు కూతతో సహా.

మామగారికి పెట్టె చేతికిచ్చి వరుస చదివి వినిపించితిమి. వారు కొంతసేపు మాటాడలేదు. పిదప, సుప్రభాతమును రెండవదిగా జరుపుమని మాత్రము చెప్పిరి.