అమ్మ పెళ్లయిన ఊరు

ఫ్రాన్సులో పాత ఊళ్లు చూడాలంటే ట్రామెక్కి తిరుగుతారట. మన గోదావరి ఒడ్డున ఉన్న ఫ్రెంచి ఊరికి ఆ భోగం లేదు. తాడేపల్లిగూడెంలో తెల్లవారుజామున బస్సెక్కి రావులపాలెం, అమలాపురం, ముమ్మిడివరం మీదుగా వెళ్లి ఎదుర్లంక వంతెన దాటితే యానాం. 2002లో వంతెన వచ్చేదాకా ఇటునుంచి వెళ్లేవాళ్లు గౌతమిని పంటు మీద దాటాల్సిందే.

ఆ బస్సులో ఓ రిటైర్డ్ మాస్టారు. పక్కన తొమ్మిదో తరగతి చదివే మనవరాలు. డెబ్బై ఏడేళ్ల వయసులో ఈ ప్రయాణం ఎందుకంటే... వాళ్లమ్మ పెళ్లి యానాంలోనే జరిగింది. 1933లో. అప్పటికి ఆమెకు తొమ్మిదేళ్లు.

గూడెం వాళ్ల పెళ్లి అంత దూరంలో ఎందుకయింది? 1929లో శారదా చట్టం వచ్చింది. మరుసటేడు ఏప్రిల్ 1 నుంచి అమలు. ఆడపిల్లకు పద్నాలుగు, మగపిల్లాడికి పద్దెనిమిది నిండాలి. కానీ యానాంలో ఇంగ్లీషువాళ్ల చట్టం చెల్లదు. ఇంకేం, చుట్టుపక్కల ఊళ్ల పెళ్లివారంతా అక్కడికే! ఊరికి కల్యాణపురమని పేరే పడిపోయింది.

ఆ మాటకొస్తే ఏలూరుకీ ఫ్రెంచివాళ్లు కొత్త కాదు. 1753లో సలాబత్ జంగ్ ఉత్తర సర్కార్లను బుస్సీకి అప్పగించినప్పుడు ఏలూరూ అందులో ఉంది. 1758 డిసెంబరులో చందుర్తి దగ్గర ఓడిపోవడంతో ఆ ముచ్చట తీరింది. యానాం మాత్రం ఇంగ్లీషువాళ్లు మధ్యమధ్య పట్టుకున్నా, 1954 దాకా ఫ్రెంచివాళ్లదే.

పెళ్లివారు ఏలూరు కాలవలో పడవ మీద బయల్దేరారని అమ్మ చెప్పేది. ముహూర్తానికి తను నిద్రపోతే మేనమామ ఒళ్లో కూర్చోబెట్టుకున్నాడట. యానాంలో ఆమెకు గుర్తున్నవి మూడే. చర్చి గంట, తాడు పట్టి గీసినట్టుండే వీధులు, పెరట్లో నుయ్యి ఉన్న పెంకుటిల్లు. ఆ ఇల్లు చూడాలని మాస్టారి కోరిక.

షేర్ ఆటో చర్చి దగ్గర దింపింది. 1846 నాటి చర్చి. అక్కడినుంచి నడకే. వీధులు నిజంగానే తిన్నగా ఉన్నాయి. ఈ కొసన నిలబడితే ఆ కొస కనిపిస్తుంది. పెంకుటిళ్లు మాత్రం తక్కువ, డాబాలే ఎక్కువ. ఈఫిల్ టవర్ని తలపించే వంద మీటర్ల టవరు దగ్గర అమ్మాయి ఆగిపోయింది. అది మొన్నమొన్న కట్టింది కాబట్టి మాస్టారు తలెత్తయినా చూడలేదు. మూడు ఇళ్ల ముందు ఆగి, నూతుల సంగతి అడిగారు. టీ కొట్టు దగ్గర ఓ పెద్దాయన నవ్వేశాడు.

"ఆ రోజుల్లో ప్రతి ఇల్లూ పెళ్లిల్లేనంట మాస్టారూ, మీ అమ్మగారిది ఏదని చెప్పమంటారు?"

ఎండ ముదిరాక ఇద్దరూ గోదావరి ఒడ్డున కూర్చున్నారు.

"తాతయ్యా, పెళ్లయ్యాక తాతమ్మ బడికెళ్లిందా?"

"లేదమ్మా. రెండో తరగతితో సరి."

పేరు రాయడం వచ్చు కానీ పేపరు చదవడం రాదు ఆమెకు. ఆదివారం పేపరు కొడుకు చదివి వినిపిస్తే, కథల పేజీ అయ్యాక వంటల పేజీ కూడా చదవమనేది. నలభై ఏళ్లుగా చేస్తున్న వంటలే అయినా సరే.

"నిద్రపోయిన సంగతి నవ్వుతూ చెప్పేదా?"

"నవ్వుతూనే చెప్పేది. అందరం నవ్వేవాళ్లం."

"నువ్వూనా?"

మాస్టారు జవాబు చెప్పలేదు. కాసేపటికి లేచి, చర్చి వెనక వీధి ఒక్కటి చూడలేదు కదా అన్నారు. అమలాపురం బస్సుకి ఇంకా గంట టైముంది. ఈసారి మనవరాలే ముందు నడిచింది.