పెరటి చెట్టు

24 జూన్ 2024, ఎడ్మంటన్

2-1. ఐస్ హాకీ స్టాన్లీ కప్ ఫ్లోరిడా పాంథర్స్ ఎత్తుకుపోయింది. ఫైనల్లో మనం, అంటే ఎడ్మంటన్ ఆయిలర్స్, వరసగా మూడు ఓడి, వరసగా మూడు గెలిచి, ఏడో మ్యాచ్‌లో చేతులెత్తేశాం. ప్లేఆఫ్స్‌లో అందరికన్నా బాగా ఆడినవాడి బహుమతి మాత్రం మన మెక్‌డేవిడ్‌కే ఇచ్చారు. తీసుకోవడానికి అతను బయటికి రాలేదు. ఏం మొహం పెట్టుకుని వస్తాడు పాపం.

కాల్గరీ నుంచి బావమరిది ఫోను. వాడు అక్కడి జట్టు ఫ్లేమ్స్ పక్షం. "పోనీలే బావా, ఇంతదాకా వచ్చారు కదా" అని ఓదార్చాడు. ఆ ఓదార్పులో ఎంత సంబరం ఉందో నాకు తెలియదా!

మర్చిపోకుండా ఒకటి రాసిపెట్టుకోవాలి. ఫైనల్ నాలుగో మ్యాచ్ 8-1తో గెలిచినప్పుడు అందులో రెండు గోల్స్ హోలోవేవి. అంతకుముందు డల్లాస్‌తో సిరీస్ సగంలో ఉండగా దింపిన బ్రోబెర్గ్‌ని ఆ తర్వాత పక్కన పెట్టాల్సిన అవసరమే రాలేదు. ఇద్దరూ ఆయిలర్స్ డ్రాఫ్టులో, అంటే జట్లు వంతులవారీగా కొత్త కుర్రాళ్ళని ఎంచుకునే చోట, తెచ్చుకున్న కుర్రాళ్ళే. ఇద్దరికీ ఇంకా ఇరవై రెండే.

1 జూలై 2024

ఆటగాళ్ళ సంత తెరిచారు. జెఫ్ స్కిన్నర్ వచ్చాడు, వయసు 32. విక్టర్ అర్విడ్సన్ వచ్చాడు, 31. ముప్పై తొమ్మిదేళ్ళ కోరీ పెరీకి మళ్ళీ సంతకం. జట్టు మొత్తానికి జీతాల పరిమితి 8.8 కోట్ల డాలర్లు, ఆ మూట ఇవాళే ముప్పాతిక మువ్వీసం విప్పేసినట్టుంది. పక్కింటి పెద్దాయన ఉబ్బితబ్బిబ్బవుతున్నాడు, ఈసారి కప్పు మనదేనట.

హోలోవేకీ బ్రోబెర్గ్‌కీ పాత ఒప్పందాల గడువు ముగిసింది. వాళ్ళ మాట ఎవరూ ఎత్తలేదు. ఎక్కడికి పోతార్లే అని కాబోలు.

13 ఆగస్టు 2024

పోతున్నారు. సెయింట్ లూయిస్ బ్లూస్ ఇద్దరికీ ఒకేసారి ఆఫర్ షీట్ పంపింది. రెండేళ్ళకి, బ్రోబెర్గ్‌కి ఏటా 45.8 లక్షల డాలర్లు, హోలోవేకి 22.9 లక్షలు. వారం రోజుల్లో మనం అంతే ఇస్తామనాలి, లేదా వదులుకోవాలి. వదులుకుంటే పరిహారంగా వాళ్ళ డ్రాఫ్టు వంతుల్లోంచి బ్రోబెర్గ్‌కి రెండో రౌండు పిక్కు, హోలోవేకి మూడో రౌండు పిక్కు.

ఆ అంకెల్లోనే ఉంది తెలివంతా. ఇంకో డాలరు ఎక్కువైతే పరిహారం పై మెట్టుకి పోతుంది. సరిగ్గా ఆ గీత దగ్గర ఆపారు. పరిహారంగా తమ సొంత పిక్కే ఇవ్వాలని నియమం. అందుకని పిట్స్‌బర్గ్‌కి ఎప్పుడో ఇచ్చేసిన రెండో రౌండు పిక్కుని ముందుగా వెనక్కి తెచ్చుకున్నారు. మనవాళ్ళ సంచిలో డబ్బు లేదని లెక్కలు చూసి మరీ వచ్చారన్నమాట.

పెద్దాయన కంచె దగ్గర నిలబడి ఆగస్టు నెలనే తిట్టాడు. 1988 ఆగస్టు 9న మన గ్రెట్జ్‌కీని లాస్ ఏంజెలెస్‌కి అమ్మేశారు. ముప్పై ఆరేళ్ళయినా ఆయన తేదీ మర్చిపోడు.

20 ఆగస్టు 2024

వదిలేశారు. ఇద్దర్నీ.

2019 డ్రాఫ్టులో ఎనిమిదో స్థానంలో తెచ్చుకున్నవాడు బ్రోబెర్గ్. 2020లో పద్నాలుగో స్థానంలో తెచ్చుకున్నవాడు హోలోవే. పోయిన సీజన్‌లో బ్రోబెర్గ్‌ని ఇక్కడ ఆడించింది 12 మ్యాచ్‌లు. మిగతా కాలమంతా కాలిఫోర్నియాలోని బేకర్స్‌ఫీల్డ్‌లో, మన కింది జట్టు కాండర్స్‌తో. హోలోవే ఇక్కడ 38 మ్యాచ్‌లు ఆడాడు, ఎక్కువగా నాలుగో లైన్లోనే. అంటే రాత్రికి పది నిమిషాలు మంచు మీద, మిగతా రెండు గంటలు బెంచీ మీద.

పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదంటారు. నీళ్ళు పోసి పెంచుకున్నది మనం, ఆకు కోసుకుంటున్నది సెయింట్ లూయిస్.

25 ఆగస్టు 2024

ఆదివారం భోజనాల్లో ఇదే రభస. ఒకాయన వాదన: "మెక్‌డేవిడ్ ఉండగా కప్పు కొట్టాలండీ. కుర్రాళ్ళు ఎదిగేదాకా కూర్చుంటే ఈయన ముసలాడైపోతాడు." మాట కొట్టిపారేసేది కాదు. ఈ ఊళ్ళో అభిమానులందరి మనసులోనూ ఉన్నది అదే. ఆ నోటితోనే మళ్ళీ "కుర్రాళ్ళని ఎదగనివ్వరు" అంటాం.

నేను బుషార్డ్ పేరెత్తాను. 2018లో పదో స్థానంలో వచ్చాడు. మొదటి ఏడాది ఏడు మ్యాచ్‌లు ఆడించి జూనియర్ జట్టుకి తిప్పి పంపారు. తొమ్మిది దాటి ఆడిస్తే ఆ వయసు వాడికి మూడేళ్ళ తొలి ఒప్పందంలో ఒక ఏడు కరిగిపోతుంది. తర్వాతి ఏడు బేకర్స్‌ఫీల్డ్. కరోనా కాలంలో కొన్నాళ్ళు స్వీడన్. ఇంత తిరిగొచ్చినా అసలు మలుపు 2023 ఫిబ్రవరి 28న. ఎక్‌హోమ్ కోసం టైసన్ బ్యారీని నాష్‌విల్‌కి ఇచ్చేశారు. అవతల ఒకడు తక్కువగా ఉన్నప్పుడు ఆడే పవర్‌ప్లేలో బ్యారీ నిలబడే చోటు ఖాళీ అయింది. ఆ చోట్లోకి బుషార్డ్ వచ్చాడు. మరుసటి సీజన్‌లో గోల్స్, గోల్స్‌కి అందించిన పాసులు కలిపి 82 పాయింట్లు!

ఆటగాడు మారలేదు, చోటు ఖాళీ అయింది. నా గోల అంతా దీని గురించే.

3 సెప్టెంబర్ 2024

డ్రైసైటిల్ ఎనిమిదేళ్ళకి సంతకం చేశాడు, ఏడాదికి 1.4 కోట్ల డాలర్లు. ఊరంతా పండగ.

ఇతని మొదలు ఎలా ఉందో ఎంతమందికి గుర్తుందో. 2014లో మూడో స్థానంలో తీసుకుని, పద్దెనిమిదేళ్ళవాణ్ణి నేరుగా పెద్దల మధ్య దింపారు. 37 మ్యాచ్‌లు, రెండు గోల్స్. నడి సీజన్‌లో జూనియర్‌కి పంపేశారు. అక్కడ కెలోనా జట్టుని మెమోరియల్ కప్ ఫైనల్‌దాకా లాక్కుపోయాడు. ఫైనల్ ఓడినా టోర్నీలో మేటి ఆటగాడు అతనే. జూనియర్ లీగ్ నుంచి వచ్చినవాడికి ఇరవై నిండేదాకా నియమాల ప్రకారం రెండే దారులు: పెద్ద జట్టు, లేదా తిరిగి జూనియర్. మధ్యలో బేకర్స్‌ఫీల్డ్ లాంటి మెట్టు లేదు. ఆ నియమం మన చేతిలో లేదు, ఒప్పుకుంటాను. 37 మ్యాచ్‌లదాకా ఆగడం మాత్రం మన చేతిలో ఉన్నదే.

డ్రైసైటిల్ తట్టుకున్నాడు. యాకుపోవ్ తట్టుకోలేదు. 2012లో మొట్టమొదటి పిక్కు, లాకౌటుతో కుదించిన తొలి సీజన్‌లో 48 మ్యాచ్‌లకి 17 గోల్స్ కొట్టిన పిల్లాడు. నాలుగేళ్ళు తిరిగేసరికి సెయింట్ లూయిస్‌కి పంపేశారు. 2016లో నాలుగో స్థానంలో వచ్చిన పుల్యుయార్వి విసిగిపోయి ఒక సీజన్ ఫిన్లాండ్ వెళ్ళిపోయాడు. తిరిగొచ్చాడు, ఆడాడు, 2023లో కరోలైనాకి చేరాడు. ఆ వేసవిలోనే రెండు తుంటి కీళ్ళకీ ఆపరేషన్. ఇక్కడ ఉన్నన్నాళ్ళూ ఆ పిల్లాడు చురుగ్గా కదలడంలేదని గ్యాలరీలో సణుక్కున్నవాళ్ళం మనమే.

అప్పట్లో తొందర. ఇప్పుడు మరుపు. రెండింటిలోనూ కుర్రాడికి తగిన పని మాత్రం దొరకలేదు.

నవంబర్ 2024, శనివారం పొద్దున

మావాడి మ్యాచ్, ఏడు గంటలకి. బయట మైనస్ పన్నెండు, రింకులో అంతకన్నా చలి. తడి గ్లవ్స్ కంపు, కాఫీ వాసన.

మావాడి జట్టులో ఒక పిల్లాడు సొంత గోలు ముందే పక్‌ని అడ్డంగా తోశాడు. అది నేరుగా అవతలివాడి స్టిక్ మీదికే. గోల్. వీడు బెంచీకి వచ్చి హెల్మెట్ జాలీ వెనక ముక్కు ఎగబీలుస్తూ కూర్చున్నాడు. కోచ్ వంగి వాడి స్టిక్‌కి ఊడిన టేపు సరిచేశాడు. ఏమీ అనలేదు. మరుసటి షిఫ్టుకి ముందు వాణ్ణే తలుపు తీసి పంపాడు. నా వెనక ఒక తండ్రి పళ్ళు కొరికాడు. వాడు ఈసారి పక్‌ని గోడ వెంట తోసి బయటపడేశాడు.

కోట్లు తీసుకునే కోచ్‌లకి ఇది తెలియక కాదు. ఓడితే ఉద్యోగం పోతుంది, అందుకని పొరపాటు చేసిన కుర్రాణ్ణి కూర్చోబెట్టి ముప్పై అయిదేళ్ళవాణ్ణి పంపుతారు. అతనూ పొరపాటు చేస్తాడు, కాకపోతే దానికి అనుభవం అని పేరు.

18 ఏప్రిల్ 2025

లీగ్ మ్యాచ్‌లు ముగిశాయి. లెక్క చూసుకుందాం.

హోలోవే, సెయింట్ లూయిస్: 26 గోల్స్, మొత్తం 63 పాయింట్లు. జీతం 22.9 లక్షలు.
స్కిన్నర్, మనం: 29 పాయింట్లు. అర్విడ్సన్, మనం: 27. ఇద్దరి జీతం కలిపి 70 లక్షలు.

ఇద్దరు పెద్దలూ కలిసి 56. ఇక బ్రోబెర్గ్ వెనక వరసలో స్థిరపడి 29 పాయింట్లు చేశాడు.

బావమరిదికి ఈ లెక్క పంపలేదు. వాడే నాకు పంపాడు. అయితే ఒక న్యాయం చెప్పాలి: ఇక్కడే ఉండుంటే హోలోవేకి 63 వచ్చేవి కావు. అక్కడ అతన్ని పై రెండు లైన్లలో నిలబెట్టారు, గోల్ రాని వారాల్లో కూడా కదిలించలేదు. కాబట్టి మనం పోగొట్టుకున్నది 63 పాయింట్ల ఆటగాణ్ణి కాదు, అలా అవుతాడని నమ్మి చోటిచ్చే అలవాటుని. ఆ అలవాటు ఏ సంతలోనూ దొరకదు.

17 జూన్ 2025

మళ్ళీ ఫైనల్, మళ్ళీ ఫ్లోరిడా, ఆరో మ్యాచ్‌లోనే ముగిసింది. 5-1. శామ్ రైన్‌హార్ట్ ఒక్కడే నాలుగు. రాయడానికి ఓపిక లేదు.

6 అక్టోబర్ 2025

మెక్‌డేవిడ్ సంతకం చేశాడు. ఏడాదికి 1.25 కోట్లు, రెండేళ్ళకే. ఇంతకన్నా ఎంతో ఎక్కువ అడిగినా ఇచ్చేవాళ్ళు. మిగిల్చిన డబ్బుతో జట్టు కట్టండి, రెండేళ్ళు చూస్తాను అన్నట్టుంది.

పెద్దలకి మళ్ళీ వల వేస్తారేమోనని నా భయం. నిజానికి ఈ ఒప్పందానికి తగ్గ దారి ఒకటే: తక్కువ జీతానికి బాగా ఆడే కుర్రాళ్ళు.

8 అక్టోబర్ 2025

సీజన్ మొదలు, కాల్గరీతో. 3-0 నుంచి జారి షూటౌట్‌లో 4-3తో ఓడిపోయాం.

కొత్త కుర్రాళ్ళిద్దరు జట్టులో ఉన్నారు. ఐజాక్ హోవర్డ్‌ని టాంపా నుంచి తెచ్చారు, 2024లో మనం మొదటి రౌండులో తీసుకున్న ఒరైలీని ఇచ్చేసి. మాట్ సవోయి ఊరు సెయింట్ ఆల్బర్ట్, ఇక్కణ్ణుంచి కారులో అరగంట. బఫలో డ్రాఫ్టు చేస్తే, మన డ్రాఫ్టు కుర్రాడు మెక్‌లియోడ్‌ని ఇచ్చి వెనక్కి తెచ్చుకున్నాం. పోయిన ఏడు బేకర్స్‌ఫీల్డ్‌లో 66 మ్యాచ్‌లకి 54 పాయింట్లు చేశాడు. వండాల్సినంత వండారు, ఇక వడ్డించాలి.

ఇవాళ్టి ఓటమికి వీళ్ళని నిందించేవాళ్ళు రేపే తయారవుతారు. నేను మాత్రం వీళ్ళ గోల్స్ లెక్కపెట్టబోవడంలేదు. గోల్ లేని పది మ్యాచ్‌ల తర్వాత, జనవరి చలిలో, వరసగా రెండు ఓడిన మర్నాడు సవోయి ఎన్ని నిమిషాలు ఆడాడన్నదే చూస్తాను. పదిహేను ఉంటే మనవాళ్ళు ఏదో నేర్చుకున్నట్టు. ఎనిమిదికి పడిపోతే బ్లూస్ వాళ్ళు మళ్ళీ లెక్కలు వేసుకోవడం మొదలుపెట్టొచ్చు.