ఆ ఎడమ చెయ్యి లేకపోతే...!

ఏ సినిమా వాల్ పోస్టరు చూసినా ముందు కనబడేది హీరో మొహమే. పాట హిట్టయితే పేరంతా పాడినవాడిదీ, తెర మీద చిందేసినవాడిదీను. పల్లవికీ చరణానికీ మధ్య మనచేత ఈలలు వేయించిన వాద్యగాడెవడో మనకి తెలియదు. తెలుసుకోవాలన్న తొందరా లేదు. ఇది మన దగ్గరే అనుకోకండి, అమెరికాలోనూ ఇదే వరస! కావాలంటే ‘డోర్స్’ బృందం కథ వినండి.

డోర్స్ పేరు చెప్పగానే రాక్ సంగీతం వినే కుర్రకారుకి గుర్తొచ్చేది జిమ్ మారిసన్. ఉంగరాల జుత్తు, తోలు ప్యాంటు, మత్తు చూపులు! 1971 జూలై 3న పారిస్‌లో, 27 ఏళ్ళకే కన్నుమూసిన ఆ గాయకుడు ఈనాటికీ టీషర్టుల మీద బతికే ఉన్నాడు. అయితే అతని పక్కనే, కళ్ళజోడు పెట్టుకుని, మెట్ల మీదికి తల వంచుకుని, కాలేజీ లెక్చరర్‌లా కనబడే మనిషి ఇంకొకడున్నాడు. ఆయన పేరు రే మాంజరెక్. ఆ బృందం కీబోర్డ్ ప్లేయరు.

సినిమా పిచ్చి ఉన్నవాళ్ళకి నచ్చే సంగతొకటి చెప్పాలి. ఈ ఇద్దరూ లాస్ ఏంజిలిస్‌లో యూసీఎల్ఏ ఫిలిం స్కూలు విద్యార్థులే. సినిమాలు తీద్దామని చదువుకున్నవాళ్ళు! 1965 వేసవిలో వెనిస్ బీచ్‌లో మళ్ళీ కలుసుకున్నారు. మారిసన్ తను రాసుకున్న పాట పాడి వినిపించాడు. మాంజరెక్ ఇంక ఆలోచించలేదు, బృందం పెట్టేద్దామన్నాడు. డ్రమ్స్ వాయించే జాన్ డెన్స్‌మోర్, గిటార్ వాయించే రాబీ క్రీగర్ వచ్చి చేరారు. వాళ్ళు మాంజరెక్‌కి దొరికింది ఎక్కడనుకున్నారు? మన మహర్షి మహేశ్ యోగి ధ్యానం క్లాసుల్లో!

మొత్తం నలుగురు. బేస్ గిటార్ వాయించేవాడు మాత్రం లేడు. బేస్ అంటే పాటకి పునాది. స్పీకరు మీద చెయ్యి ఆనిస్తే గుండెల దాకా తగులుతుందే, అదన్నమాట. అది లేకుండా రాక్ బృందం ఏమిటి? మాంజరెక్ దానికో ఉపాయం కనిపెట్టాడు. ఆయన వాయించే వాక్స్ కాంటినెంటల్ ఆర్గాన్‌కి పైభాగం బల్లపరుపుగా ఉండేది. దాని మీద ఫెండర్ రోడ్స్ పియానో బేస్ అనే 32 మెట్ల చిన్న వాద్యం పెట్టాడు. ఎడమ చెయ్యి పునాది వేస్తుంటే కుడి చెయ్యి మేడ కట్టేది. రికార్డింగుల్లో చాలా పాటలకి బేస్ గిటార్ వాళ్ళని విడిగా పిలిపించారు గానీ, స్టేజీ మీద మాత్రం ఆ పని ఆయనదే.

పెళ్ళిళ్ళ ఆర్కెస్ట్రాల్లో కీబోర్డు వాయించే మిత్రుడొకడున్నాడు నాకు. వాడికి 1968 జూలై 5న హాలీవుడ్ బౌల్‌లో డోర్స్ ఇచ్చిన కచేరీ ఫిలిం చూపించాను. నేను మారిసన్‌నే చూస్తున్నాను. వాడు మారిసన్ వంకే చూడలేదు. కాసేపయ్యాక అన్నాడు:

‘‘కుడి చెయ్యిదేముందిరా, నేర్చుకుంటే వస్తుంది. ఆ ఎడమ చెయ్యి చూడు. అన్న మాటే అంటోంది, పొల్లు పోవటం లేదు. బేస్ వాయించేవాడు రాని రోజున నేనూ అలాగే లాక్కొస్తాను గదా, మూడో పాటకే భుజం పడిపోతుంది!’’

ఆ మాటతో నాకు పాటంతా కొత్తగా వినబడింది. మారిసన్ స్టేజీ మీద నిలకడగా ఉండే మనిషి కాదు. పాట మధ్యలో ఆపి కవిత్వంలోకి వెళ్ళిపోయేవాడు, నేల మీద పడేవాడు, ఉన్నట్టుండి మౌనంగా నిలబడిపోయేవాడు. తిరిగి ఎప్పుడు వస్తాడో ఎవరికీ తెలియదు. అంతవరకూ ఆ ఎడమ చెయ్యి అలా తిరుగుతూనే ఉండేది. గాలిపటం ఎంత ఎత్తుకెళ్ళినా దారం ఒకరి చేతిలో ఉండాలి గదా!

‘లైట్ మై ఫైర్’ సంగతి చూడండి. క్రీగర్ మొదలెట్టిన పాటకి, బాక్ సంగీతం పోకడతో గిర్రున తిరిగే ఆర్గాన్ ప్రారంభం మాంజరెక్ కూర్చాడు. ఆల్బంలో పాట దాదాపు ఏడు నిమిషాలు. రేడియో కోసం మూడు నిమిషాల లోపుకి కుదించారు. 1967 జూలైలో అమెరికాలో నంబర్ వన్ అయింది. కత్తెరకి బలైందేమిటో తెలుసా? మధ్యలో వచ్చే ఆర్గాన్, గిటార్ వాయింపులు! గొంతు మిగిలింది, వేళ్ళు పోయాయి.

అయితే అసలు హీరో మాంజరెకేనా? అంత తేలిగ్గా తీర్పు చెప్పడానికి లేదు. మారిసన్ పోయాక మిగిలిన ముగ్గురూ 1971లో ఒకటి, 1972లో ఒకటి ఆల్బంలు చేశారు. మాంజరెక్, క్రీగర్ తామే పాడారు. అవే చేతులు, అదే పనితనం. జనం మాత్రం మునుపటిలా ఆదరించలేదు. 1973లో బృందం విడిపోయింది. గాలిపటం లేనిదే దారాన్నెవరు చూస్తారు?

నాకు ఆయన మీద గౌరవం ఇంకా పెరిగింది ఆ తర్వాత కథకే. తన చేతుల గొప్ప చెప్పుకునే బదులు, ఏళ్ళ తరబడి స్నేహితుడి గురించే చెబుతూ తిరిగాడు. 1991లో ఆలివర్ స్టోన్ ‘ది డోర్స్’ సినిమా తీస్తే, తనకి తెలిసిన జిమ్ ఇందులో లేడని బాహాటంగా పోట్లాడాడు. 2013 మే 20న జర్మనీలో, 74 ఏళ్ళ వయసులో మాంజరెక్ కన్నుమూశాడు.

ఇవాళ రాత్రి వీలైతే దీపం ఆర్పేసి ‘రైడర్స్ ఆన్ ది స్టార్మ్’ వినండి. 1971 నాటి పాట. వాన చప్పుడు వినబడుతుంది. దానితో పాటు చినుకులు జారినట్టు పై నుంచి కిందికి దిగే ఎలక్ట్రిక్ పియానో కూడా. అవి ఆయన వేళ్ళే! మారిసన్ గొంతుని కాసేపు పక్కన పెట్టి వాటి వెంట వెళ్ళండి. రేపు మన సినిమా పాట వింటున్నప్పుడు కూడా, చరణానికి ముందు వచ్చే ఆ నాలుగు క్షణాలు ఎవరివో ఒకసారి వాకబు చెయ్యండి.