నూటికి నాలుగు రూపాల పదమూడు పైసలు

మా ఇళ్లల్లో అప్పు గురించి మాట్లాడేటప్పుడు శాతాలు రావు. "ఎంత మిత్తికి తెచ్చినవ్?" అని అడిగితే "రెండు రూపాలకు" అనో, "మూడు రూపాలకు" అనో జవాబు. నెలకు, నూటికి అని విడిగా చెప్పక్కర్లేదు, అది అందరికీ తెలుసు. రూపాయి మిత్తి అంటే ఇచ్చినవాడు మంచివాడు, లేదా దగ్గరి చుట్టం. రెండు రూపాలంటే ఊళ్లో నడిచేదే. మూడు అంటే ఏదో అవసరం మెడ మీద కూర్చుందని అర్థం. ఐదు అంటే ఆ ఇంటి గురించి గొంతు తగ్గించి మాట్లాడతారు. గిరిగిరి దాకా పోయారంటే ఇక గొంతు తగ్గించడం కూడా ఉండదు. పదివేలు అప్పు అని చెప్పి తొమ్మిది వేలు చేతిలో పెట్టి, రోజుకు వంద చొప్పున వంద రోజులు గుమ్మం ముందుకొచ్చి వసూలు చేసుకునేది గిరిగిరి.

ఈ కొలమానంలో ఒక సుగుణం ఉంది. ఒక్క అంకె వినగానే అప్పు ఎంత బరువో, తెచ్చినవాడు ఎంత ఇరుకులో ఉన్నాడో రెండూ తెలిసిపోతాయి. క్రెడిట్ కార్డు మాత్రం ఈ భాషలో మాట్లాడదు.

పాశమైలారంలో ఒక కంపెనీలో సూపర్‌వైజర్‌గా చేసే మా పెద్దమ్మ కొడుకు 2023 ఆగస్టులో ఒక ఆదివారం నాకు తన కార్డు స్టేట్‌మెంట్ వాట్సాప్ చేసి, "తమ్మీ, ఇది జర సూడు, నెల నెలా కడుతున్న గని తగ్గుతలేదు" అన్నాడు. సాఫ్ట్‌వేర్‌లో ఉన్నవాడికి బ్యాంకులు, ఇన్‌కమ్ టాక్సు, ప్రింటర్లు అన్నీ వచ్చుండాలని మా చుట్టాల నమ్మకం. బాకీ మొత్తం 1,40,000. మినిమమ్ డ్యూ 7,000. అన్న ఆ ఏడు వేలు ఒక్క నెల కూడా తప్పకుండా, ఒక్క రోజు కూడా ఆలస్యం లేకుండా కడుతున్నాడు.

ఈ బాకీ జల్సాలతో మొదలైంది కాదు. 2022లో ఒక రాత్రి పెద్దమ్మకు కడుపునొప్పి లేచింది. దగ్గర్లోని ప్రైవేటు ఆసుపత్రికి తీసుకెళ్తే గాల్‌బ్లాడర్ తీసేయాలన్నారు. బిల్లు 92,000. అంతకు ముందు సంవత్సరం దాకా అన్న జీతంలోంచి ఈఎస్ఐ కట్ అయ్యేది, రామచంద్రాపురంలో ఈఎస్ఐ ఆసుపత్రి ఉంది, తన మీద ఆధారపడిన తల్లికి కూడా అక్కడ వైద్యం దొరికేది. సూపర్‌వైజర్ అయ్యాక జీతం 21,000 దాటింది. ఈఎస్ఐకి 2017 జనవరి నుంచి గీత అక్కడే ఉంది. దాటితే బయటికే. పటాన్‌చెరు నుంచి సంగారెడ్డి దాకా ఉన్న కంపెనీల్లో ప్రమోషన్‌కు స్వీట్లు పంచినవాళ్లలో ఎంతమంది దాంతోపాటే ఆసుపత్రి పోగొట్టుకున్నారో. ఆ రాత్రి కౌంటర్ దగ్గర అన్న చేతిలో ఉన్నది కార్డే.

స్టేట్‌మెంట్‌ను మా ఇంటి భాషలోకి మార్చి చూశాను. కార్డు మీద నెలకు మూడున్నర శాతం. అంటే మూడున్నర రూపాల మిత్తి. దాని మీద 18 శాతం జీఎస్టీ. కలిపితే నూటికి నాలుగు రూపాల పదమూడు పైసలు. ఊళ్లో ఏ షావుకారి మిత్తి మీదా ప్రభుత్వం పన్ను వేయదు, ఇక్కడ మిత్తికి కూడా పన్ను ఉంది. 1,40,000 మీద ఒక నెలకు మిత్తి 4,900, జీఎస్టీ 882, మొత్తం 5,782. అన్న కట్టే ఏడు వేలలో అసలుకు చేరేది 1,218 రూపాయలు.

అదైనా నిలిస్తే ఏదో ఒకనాటికి తీరుతుంది. కానీ ఓటీతో కలిపి 31,000 వచ్చే ఇంట్లో ఏడు వేలు ముందే పోతే, నెలాఖరుకు దాదాపు 4,800 తక్కువ పడుతోంది. ఆ తక్కువ పడ్డది మళ్లీ కార్డు మీదే. పాత బాకీ మోస్తున్న కార్డు మీద కొత్తగా గీకిన దానికి 45 రోజులు, 50 రోజులు అని చెప్పే వడ్డీలేని గడువు ఉండదు. బియ్యం కొన్న రోజు నుంచే మిత్తి మొదలు. ఇటు నుంచి 1,218 తగ్గి, అటు నుంచి 4,800 పెరిగే బాకీ ఎట్లా తగ్గుతుంది?

మినిమమ్ ఒక్కటే కడుతూ పోతే బాకీ తీరడానికి నెలలు, ఏళ్లు పడుతుందని ప్రతి బిల్లు మీదా హెచ్చరిక అచ్చు వేయాలని రిజర్వు బ్యాంకు 2022 ఆదేశాల్లో చెప్పింది. అన్న స్టేట్‌మెంట్ మీద కూడా ఉంది, ఇంగ్లీషులో. ఆ వాక్యం అన్న రెండేళ్లుగా చూస్తున్నదే. "నాలుగు రూపాల మిత్తి" అన్నప్పుడు మాత్రం ఫోన్‌లో కాసేపు మాట లేదు.

ఇలాంటప్పుడు ఏం చేయాలో చెప్పే వీడియోలు తెలుగులో కూడా బోలెడు. ముందు ఖర్చు రాసుకోండి, బయట కాఫీ మానేయండి, ఓటీటీ రద్దు చేయండి. అమెరికా పుస్తకంలోని కాఫీ కప్పు పాశమైలారం గేటు బయట పది రూపాయల చాయ్‌గా దిగిందన్నమాట. అన్న రోజుకు రెండు చాయ్‌లు తాగుతాడు, నెలకు 26 డ్యూటీలు, 520 రూపాయలు. మిత్తి 5,782. చారాణా కోడికి బారాణా మసాలా అని మనకో సామెత ఉంది. ఈ సలహాలు మసాలా మానేయమనేవి కూడా కావు, పళ్లెం అంచున అంటుకున్నది నాకమనేవి. పైగా ఆ చాయ్ దగ్గరే ఓటీ ఎవరికి పడుతోంది, ఏ కంపెనీలో ఖాళీ ఉంది అన్న కబుర్లు దొరుకుతాయి. చాయ్ జోలికి పోవద్దనే చెప్పాను.

అసలు కష్టం ఇంట్లో చెప్పడం. ఆ బాకీ సంగతి అప్పటిదాకా అన్నకు, అన్న ఫోన్‌కు మాత్రమే తెలుసు. తర్వాతి ఆదివారం సంగారెడ్డిలో వాళ్లింటికి వెళ్లాను. అన్న చెప్పాడు. వదిన ఏమీ అనలేదు, లోపలికెళ్లి గిన్నెలు కడగడం మొదలుపెట్టింది. అడిగింది పెద్దమ్మే.

"నాలుగు రూపాలా? ఎవడువాడు?"

అన్న బ్యాంకు పేరు చెప్పాడు. పెద్దమ్మకు ఆ జవాబు ఆనలేదు. "బ్యాంకోడు గంత ఎట్ల తీసుకుంటడు? ఎవడన్న మనిషుంటే నేనొచ్చి మాట్లాడుత గద" అంది. ఆ అప్పు తన ఆపరేషన్‌దని ఆమెకు చెప్పలేదు, ఇప్పటికీ ఎవరూ చెప్పలేదు. ఆమెకు తెలుసనే నా అనుమానం.

ఆ "ఎవడు వాడు" నాకు కాళీపట్నం రామారావు గారి 'యజ్ఞం' గుర్తుకు తెచ్చింది. 1964 నాటి కథ. ఊరి పెద్దల ముందుకు తీర్పుకొచ్చిన ఒక పాత బాకీ కథ. కాలేజీలో చదివినప్పుడు నాకు గుర్తుండిపోయింది దాని భయంకరమైన ముగింపు. ఇప్పుడు మళ్లీ తిరగేస్తే కంటికి ఆనింది వేరే: ఆ అప్పు ఎంత బహిరంగమో. ఇచ్చినవాడు కనిపిస్తాడు, తీసుకున్నవాడు కనిపిస్తాడు, న్యాయం చెప్పేవాడు కనిపిస్తాడు, ఊరంతా వింటుంది. ఆ బహిరంగంలోనే బీదవాడు నలిగిపోతాడు, కాబట్టి ఆ రోజులే బాగున్నాయని చెప్పడం లేదు. కానీ ఆ లెక్క పదిమంది చెవిన పడుతుంది. కార్డు బాకీ నాలుగంకెల పిన్ వెనకాల ఉంటుంది. పక్కన పడుకున్న మనిషికి కూడా దాని వాసన తగలదు. మర్యాద కాపాడుతుందనే కదా దాన్ని ఇష్టపడతాం. ఆ మర్యాదకే నెలకు 5,782.

గిన్నెలు కడిగి వచ్చి వదిన అడిగిన మొదటి ప్రశ్న: "బంగారం పెడితే ఎంత మిత్తి?"

ప్రభుత్వ బ్యాంకులో సంవత్సరానికి తొమ్మిది శాతం చొప్పున దొరికింది. అంటే బారాణా మిత్తి. నాలుగు రూపాల చిల్లర ఎక్కడ, బారాణా ఎక్కడ. రెండు గాజులు, ఒక గొలుసు, మొత్తం మూడున్నర తులాలు కుదువ పెడితే 1,10,000 వచ్చింది. పుస్తెలతాడు ముట్టుకోలేదు. ఆ డబ్బు నేరుగా కార్డుకు కట్టారు. అంతే బాకీ కార్డు మీద ఉన్నప్పుడు నెలకు 4,543 తినేది, బంగారం మీదకు మారగానే 825 అయింది. ఎవరూ ఏమీ మానేయకముందే, ఒక్క మధ్యాహ్నంలో, నెలకు 3,700 పైన మిగిలింది. బంగారం అమ్మేస్తే పీడా పోతుందన్న చుట్టాలున్నారు. వదిన వినలేదు.

మిగిలిన ముప్పై వేలకు కార్డుకు నెలకు ఎనిమిది వేలు కడితే ఐదో నెలలో సున్నా. ఆ తర్వాత అదే ఎనిమిది వేలు బంగారానికి. షరతు ఒక్కటే, కార్డు మళ్లీ గీకకూడదు. అంటే అప్పటిదాకా కార్డు పూడుస్తున్న 4,800, పెంచిన వెయ్యి, మొత్తం 5,800 ఇంట్లోంచే రావాలి.

పెట్రోలు తేలిగ్గానే దొరికింది. అప్పట్లో హైదరాబాద్‌లో లీటరు 109 రూపాయల 66 పైసలు. సంగారెడ్డి నుంచి పాశమైలారం రానూపోనూ బండి మీద నెలకు 2,800 అయ్యేది. పోతిరెడ్డిపల్లి చౌరస్తాలో కంపెనీ బస్సు ఎక్కితే అందులో 1,800 మిగులుతుంది, గంట ముందు లేవాలి. ఓటీ పడ్డ రోజు బస్సు ఆగదు, ఆ రోజుల కోసం బండి ఉంచుకున్నారు. వదిన జాకెట్లు కుట్టడం మొదలుపెట్టింది, నెలకు 1,500 అటూ ఇటూగా. కిరాణాలో ఓ వెయ్యి ఎట్లాగో నొక్కింది, ఎందులో నొక్కిందో పిల్లలను అడిగితే చెబుతారు.

ఇక ఫంక్షన్లు. సలహాల వీడియోల్లో వీటికి ఒక గడి కూడా ఉండదు, మా వైపు ఇళ్లల్లో మాత్రం ఇదే పెద్ద పద్దు. పెళ్లిళ్లు, ఒడిబియ్యాలు, గృహప్రవేశాలు, శారీ ఫంక్షన్లు కలిపి సగటున నెలకు 2,500. మానేయొచ్చు కదా అని ఎవరైనా అంటారు. మానేయలేరు, ఎందుకంటే అదీ బాకీయే. ప్రతి ఇంట్లో ఒక కట్నాల పుస్తకం ఉంటుంది. మన పెళ్లికి ఎవరెంత చదివించారో పేరుపేరునా రాసి ఉంటుంది, వాళ్లింట్లో శుభకార్యం వచ్చినప్పుడు బీరువాలోంచి తీసి చూస్తారు. 516 పెట్టినవాళ్లకు 1,116, వెయ్యిన్నూటపదహార్లు పెట్టినవాళ్లకు ఇంకొంచెం ఎక్కువ. ఆ ఎక్కువే మిత్తి అనుకోవచ్చు, కానీ దాన్ని మిత్తి అంటే కొడతారు. సరిగ్గా సమానంగా పెడితే లెక్క చెల్లిపోయినట్టు. లెక్క చెల్లిందంటే ఇక మీకూ మాకూ ఏమీ లేదన్నట్టు వినిపిస్తుంది.

వదిన ఆ ఇరవై నెలలూ ప్రతి ఫంక్షన్‌కు వెళ్లింది. పుస్తకంలో ఉన్నదే పెట్టింది, రూపాయి ఎక్కువ లేదు. బట్టలు పెట్టడం ఆపేసింది. చేతులకు వన్ గ్రామ్ గోల్డ్ గాజులు. ఒక ఒడిబియ్యం దగ్గర ఆడబిడ్డ వరసయ్యే ఆమె ఆ గాజులు చేత్తో తిప్పి చూసి, పక్కనున్న మనిషికేదో చెప్పిందట. ఇది నాకు అన్న చెప్పాడు, వదిన చెప్పలేదు. నెలకు 1,500 మిగిలిన పద్దు ఇది. అంకెలో పెట్రోలుకన్నా చిన్నది.

ఈ లోపల దేశంలో ఒక పెద్ద తీర్పొచ్చింది. కార్డుల మీద ఏడాదికి 30 శాతానికి మించి వడ్డీ తీసుకోవడం అన్యాయమైన వ్యాపార పద్ధతి అని జాతీయ వినియోగదారుల కమిషన్ 2008లో చెప్పింది. సుప్రీంకోర్టు 2024 డిసెంబర్ 20న దాన్ని కొట్టేసింది. కమిషన్ గీసిన 30 శాతం అంటే రెండున్నర రూపాల మిత్తి. కమిషన్‌కు అధికారం ఉందా లేదా అన్న చట్టం చర్చలోకి నేను దిగను. కానీ రెండున్నర రూపాల దగ్గర ఆగాలనడం మా పెద్దమ్మకు విడ్డూరంగా తోచేది కాదు, ఆమె దృష్టిలో అదే ఎక్కువ.

2025 ఏప్రిల్‌లో గాజులు, గొలుసు ఇంటికొచ్చాయి. అదే నెలలో తులం బంగారం లక్ష తాకింది. అమ్మేయమన్న చుట్టాలకు వదిన ఈ సంగతి ఫోన్ చేసి మరీ చెప్పింది. అది అదృష్టమే తప్ప లెక్క కాదని నా ఉద్దేశం, ఆమెతో అనలేదు.

కార్డు మూసేయమని అన్న దరఖాస్తు పెట్టాడు. బ్యాంకు ఏడు పనిదినాల్లో మూసేయాలి, లేకపోతే రోజుకు 500 చొప్పున ఖాతాదారుకే కట్టాలని నిబంధన. ఆరో రోజున మూసేశారు. ఈఎస్ఐ గీత 2025లోనూ 21,000 దగ్గరే ఉంది, అన్న జీతం దానికి పైనే ఉంది, పెద్దమ్మకు అరవై ఎనిమిది. అందుకని ఆ ఎనిమిది వేలలో ఐదు వేలు నెల నెలా ఆర్డీ కడుతున్నారు. బస్సు మానలేదు, జాకెట్లు మానలేదు. మిగిలిన మూడు వేలలోంచి ఈ నెల ఒక గృహప్రవేశానికి పోవాలి. వాళ్ల పేరు మీద పుస్తకంలో 1,116 ఉంది. వదిన 1,516 చదివించి, చీర కూడా పెడుతుందట.