పాయింట్లు ఎప్పుడు మార్చుకోవాలి?

అమెరికాలో స్థిరపడిన మన తెలుగు కుటుంబాలు ఎక్కడ కలుసుకున్నా ఈ మధ్య క్రెడిట్ కార్డు పాయింట్ల ప్రస్తావన రాక మానడం లేదు. ఒకరు పాయింట్లతో హవాయి వెళ్లివచ్చామంటారు, మరొకరు లక్షన్నర పాయింట్లు కూడబెట్టామంటారు. వినేవారికి తామేదో పోగొట్టుకుంటున్నామన్న దిగులు పట్టుకుంటుంది. అందుకే ఒకసారి మా ఇంట్లో జరిగిన లెక్క ఈ పేజీ చదివే సోదరీమణులతో పంచుకుందామనిపించింది.

ముందుగా ఒక మాట. ప్రతి నెలా కార్డు బాకీ పూర్తిగా తీర్చలేనివారు ఈ పాయింట్ల జోలికి పోకపోవడమే మంచిది. ఇరవై శాతం పైగా వడ్డీ కడుతూ ఒకటి రెండు శాతం పాయింట్లు వచ్చాయని సంతోషించడం, చిల్లుకుండలో నీళ్లు పోసుకోవడమే.

2022 అక్టోబరు నాటికి మావారి చేజ్ కార్డులో 84,000 పాయింట్లు ఉన్నాయి. ఆ పాయింట్లను నగదుగా తీసుకుంటే పాయింటుకు ఒక సెంటు వస్తుంది. అంటే 840 డాలర్లు. లేదా హయత్, మారియట్, ఐ.హెచ్.జి. వంటి హోటళ్ల ఖాతాల్లోకి వెయ్యికి వెయ్యి చొప్పున మార్చుకోవచ్చు. అయితే ఒకసారి హోటలు ఖాతాలోకి వెళ్లిన పాయింట్లు తిరిగి బ్యాంకుకు రావు. గది రద్దు చేసుకున్నా అవి హోటలు ఖాతాలోకే వస్తాయి. అత్తవారింటికి పంపిన సారె లాంటిదన్నమాట, మళ్లీ అడిగి తెచ్చుకునేది కాదు.

మరుసటి సంవత్సరం మే నెలలో మా అబ్బాయి పట్టభద్రుడు కావలసి ఉంది. కళాశాల ఉన్న ఊరు మాకు కారులో నాలుగు గంటల దూరం. గుంటూరు నుండి మామయ్యగారు, అత్తయ్యగారు మనవడి పట్టా చూడాలని ముచ్చటపడుతున్నారు. వారి వీసాలకు ఇంకా గడువుంది. కాని మామయ్యగారికి మోకాళ్ల నొప్పులు, పైగా గుండె డాక్టరుగారు ప్రయాణానికి అనుమతి ఇంకా ఇవ్వలేదు.

ఆ వారాంతంలో ఊళ్లో హోటళ్ల ధరలు చూసి నాకు నోట మాట రాలేదు. హయత్ ప్లేస్‌లో గదికి రాత్రికి 310 డాలర్లు, పన్నులతో 350. రెండు గదులు, రెండు రాత్రులకు 1,400 డాలర్లు! అదే గది పాయింట్లతో అయితే రాత్రికి 15,000. హయత్‌వారు అప్పటికి హోటళ్లను తరగతులుగా విభజించి, ఒక్కో తరగతికి ఇన్ని పాయింట్లని పట్టిక కట్టి ఉంచారు. మూడవ తరగతి హోటలుకు రద్దీ రోజుల్లో కూడా అప్పట్లో 15,000 దాటేది కాదు. డాలరు ధర ఎంత ఎగబాకినా పట్టిక మారకపోతే పాయింట్ల ధర అక్కడే ఉంటుంది. మారియట్‌వారు 2022 మార్చిలో అలాంటి పట్టికను తీసివేశారు. కాబట్టి వారి దగ్గర డాలరు ధరతో పాటు పాయింట్ల ధర కూడా పెరుగుతుంది.

"60,000 పాయింట్లతో 1,400 డాలర్ల గదులు! పాయింటుకు రెండు సెంట్లకు పైనే!" అన్నాను నేను.

మావారు లెక్కల మనిషి. "ఆ 1,400 డాలర్లు మన చేతి నుండి ఏనాడైనా పెట్టేవాళ్లమా?" అన్నారు.

పెట్టము. నలభై మైళ్ల దూరంలో ఒక చిన్న మోటలు ఉంది. రెండు గదులు, రెండు రాత్రులకు పన్నులతో 540 డాలర్లు. పాయింట్లు లేకపోతే మేము దిగేది అక్కడే. అప్పుడు మా 60,000 పాయింట్ల విలువ 1,400 కాదు, 540. నగదుగా తీసుకుంటే వచ్చే 600 కంటే తక్కువే! ఈ పాయింట్ల గురించి చెప్పేవారెవరూ ఈ సంగతి చెప్పగా నేను వినలేదు.

ఆ 600 డాలర్లకు ఎదురుచూసే చేతులు కూడా ఉన్నాయి. మా ఆడపడుచు కూతురు నర్సింగు చదువుతోంది, ఫీజుకు ఇబ్బంది పడుతున్నారు. అప్పటి మారకంలో 600 డాలర్లంటే 49 వేల రూపాయలు. మావారి మనసు అటే లాగుతోంది. నాకేమో మోకాళ్ల నొప్పులతో మామయ్యగారిని తెల్లవారుజామునే లేపి నలభై మైళ్లు కారులో కూర్చోబెట్టడం ఇష్టం లేదు. రెండు రోజులు ఇంట్లో ఇదే చర్చ. కోపాలు లేవు గాని మాటలు తగ్గాయి.

చివరికి తోవ చూపింది గది బొమ్మే. అందులో రెండు పెద్ద మంచాలతో పాటు పరుపుగా విప్పుకునే సోఫా కూడా ఉంది. అబ్బాయి ఎలాగూ తన హాస్టలు గదిలోనే పడుకుంటాడు. మేమున్నది నలుగురం. ఒక్క గది చాలు! 30,000 పాయింట్లు, అంటే 300 డాలర్లు. మోటలు గదుల్లో సోఫా లేదు, అక్కడైతే రెండు గదులు తప్పవు. ఇక సందేహమేముంది?

ఒక్క సందేహం మిగిలింది. డాక్టరుగారు వద్దంటే? పాయింట్లు హయత్‌లో చిక్కుకుపోవూ? ఆలోచిస్తే, పెద్దవారు రాలేకపోయినా మేమిద్దరం వెళ్లక తప్పదు, గది కావలసిందే. అందుకని ఆగలేదు. ముందు ఆ తేదీలకు పాయింట్ల గది ఉందో లేదో హయత్ ఖాతాలో చూసుకుని, ఆ తరువాతే సరిగ్గా 30,000 మార్చాము. కొద్ది నిమిషాల్లో చేరాయి, వెంటనే గది ఖాయం చేసుకున్నాము. మరో 30,000 నగదుగా తీసి 24,600 రూపాయలు ఫీజుకు పంపాము.

మిగిలిన 24,000 కూడా మార్చి ఉంచుకోమని ఒక స్నేహితురాలు సలహా ఇచ్చింది. నేను ఒప్పుకోలేదు. ఖాతా నడుస్తున్నంతకాలం చేజ్‌లో పాయింట్లకు గడువు లేదు. హయత్‌లో 24 నెలలు కదలిక లేకపోతే పోతాయి. వెయ్యికి రెండువేలు వస్తాయని అమెక్స్ నుండి హిల్టన్‌కు మార్చుకునేవారిని చూశాను. అక్కడ గదులకు అడిగే పాయింట్లు కూడా ఆ లెక్కనే ఎక్కువ. రూపాయిని యాభై పైసల బిళ్లలుగా మార్చుకుంటే సంచి బరువెక్కుతుందంతే.

మామయ్యగారు ఏప్రిల్ నెలాఖరున వచ్చారు. హోటలు కిటికీలోంచి కళాశాల మైదానం కనిపిస్తుంటే, "గదికెంతమ్మా?" అని అడిగారు. పాయింట్లని చెబితే చాలాసేపు ఆలోచించి, "వీటితో బియ్యం ఇవ్వరా?" అన్నారు. మావారు సోఫా మీద ముడుచుకుని పడుకుని నవ్వారు. ఆయన కాళ్లు బయటికే ఉన్నాయి.