పందొమ్మిదో గేటు పోయిన వారం

2024 ఆగస్టు 10 రాత్రి హొసపేట దగ్గర తుంగభద్ర డ్యాం పందొమ్మిదో గేటు గొలుసు తెగి కొట్టుకుపోయింది. తెల్లారేసరికి మా సిరుగుప్పలో ప్రతి ఫోన్లోనూ అదే వీడియో. అప్పటికి మా సోనామసూరి నాట్లు ఇంకా వేళ్ళూనుకోలేదు. మేము కౌలు రైతులం. దుక్కికీ, నారుకీ, ఎరువుకీ చేసిన అప్పంతా మడిలోనే ఉంది.

డ్యాం మీద ఒత్తిడి తగ్గించాలని మిగతా గేట్లు కూడా ఎత్తారు. లక్ష క్యూసెక్కులు ఏట్లోకి వదిలారు. మా ఊరి పక్క నుంచే ఒడ్లు ఒరుసుకుంటూ పోయాయి ఆ నీళ్ళు. వరి పాలుపోసుకునే వేళ మా మడికి రావలసినవి, కళ్ళెదుటే వెళ్ళిపోతుంటే చూస్తూ నిలబడ్డాం. మా ఆయన రోజూ పొద్దున్నే పిల్లకాలువలో పార కాడ దించి, తడి ఎక్కడిదాకా వచ్చిందో వేలితో కొలిచేవాడు. తగ్గలేదని చెప్పేవాడు. అయినా ఇద్దరికీ ముద్ద దిగేది కాదు.

ఆ వారంలోనే బెంగళూరు నుంచి మా మరిది కొడుకు ఫోన్ చేశాడు. "ప్రతి మబ్బుకూ ఒక సిల్వర్ లైనింగ్ ఉంటుంది పెద్దమ్మా, దిగులు పడకు" అన్నాడు. ప్రేమతోనే అన్నాడు. నాకు ఒళ్ళు మండి ఫోన్ పెట్టేశాను. ఇంగ్లీషు టీచరైన మా కోడలు తర్వాత చెప్పింది, ఆ మాట మిల్టన్ 1634లో రాసిన కోమస్ నాటకం నుంచి వచ్చిందట. చీకటి అడవిలో తప్పిపోయిన ఆడపిల్ల, నల్లమబ్బు అంచున వెలుగు చూసి తనకు తానే చెప్పుకుంటుందట. అలాగైతే నాకు సమ్మతమే. ఆపదలో ఉన్న మనిషి అనుకోవాలి ఆ మాట, గట్టున ఉన్నవాళ్ళు కాదు.

గేట్ల నిపుణుడు కన్నయ్యనాయుడు గారు, ఆయన వెంట పనివాళ్ళు, ఉరకలేసే నీళ్ళలోనే స్టాప్‌లాగ్ పలకలు దించి ఆగస్టు 17 కల్లా దారి మూశారు. ఆ మనుషులకు ఈ ఆయకట్టంతా రుణపడి ఉంది. ముప్పై టీఎంసీలకు పైగా పోయినా, ఎగువన మళ్ళీ వానలు పడి సెప్టెంబరులో డ్యాం నిండింది. పంట ఇంటికి చేరింది. ఆ గొలుసు నవంబరులో తెగి ఉంటే వెనక వరద ఉండేది కాదు. ఇప్పుడు ఆ మబ్బు అంచు వెలుగు మాట నేనే అంటున్నాను.

ఆ తర్వాత 33 గేట్లూ మార్చాలని తేల్చారు. 2025లో 80 టీఎంసీల దగ్గరే నీళ్ళు ఆపారు, రెండో పంటకు నీళ్ళు లేవన్నారు. డెబ్బై ఏళ్ళ గేట్లు మారడం మా మనవలకు మేలే. మేము మాత్రం కౌలు రెండు పంటలకూ కలిపి మాట్లాడుకున్నాం. తగ్గించమని ఆసామిని అడిగి వచ్చాం. ఇంకా ఏ మాటా చెప్పలేదు.